తాత వాడిన పాత కత్తి: తుప్పు తీయడం, కొత్త పిడి వేయడం గురించి సలహాలు కావాలి

పొలంగట్టు
అన్నలకు అక్కలకు నమస్తే. మా తాత వాడిన కత్తి ఒకటి నా చేతికొచ్చింది, దాన్ని మళ్లీ పనిలో పెట్టాలని ఉంది. మడత కత్తి కాదు, పిడిలోకి దిగేసిన ఒకే ముక్క బ్లేడు, మా ఊరి కమ్మరి కొట్టిందే, కంపెనీ పేరు గట్రా ఏం లేదు. మాది జగిత్యాల వైపు. బ్లేడు ఏడంగుళాలు, వీపు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందం, మొన వైపు పోయేకొద్దీ సన్నబడింది. పిడి గేదె కొమ్ముతో చేసింది, సగం పురుగు తినేసింది, నిలువునా పగిలింది, పట్టుకుని ఊపితే బ్లేడు లోపల కదులుతుంది. తుప్పు రెండు వైపులా ఉంది, ఒక చోట పొరలుగా లేస్తుంది. పదును మధ్యలో రెండు మిల్లీమీటర్ల లోతు నొక్కు ఒకటి.

తాత దీంతో వెదురు చీల్చేవాడు, తాటాకు కొట్టేవాడు, పండక్కి యాటను కోసినా ఇదే కత్తి. ఇక్కడ హైదరాబాద్‌లో మా గల్లీలో వెల్డింగ్ షాపు ఆయన గ్రైండర్ పెట్టి పది నిమిషాల్లో అద్దంలా చేసి ఇస్తా అంటున్నాడు. ఇవ్వనా? ఇంకోటి, నా చెయ్యి పెద్దది, పాత పిడి మూడు వేళ్లకే సరిపోతుంది, కాబట్టి పిడి నాకు తగ్గట్టు మార్చుకోవాలని కూడా ఉంది. ఫోటోలు పెట్టా చూడండి.

సానరాయి
గ్రైండర్‌కి మాత్రం ఇవ్వొద్దు తమ్ముడూ. ఫోటో జూమ్ చేసి చూశాను, తుప్పు చాలావరకు పైపైనే ఉంది, కింద ఇనుము బాగానే ఉన్నట్టుంది. గ్రైండర్ పెడితే రెండు నష్టాలు. ఒకటి, పదును దగ్గర ఇనుము సన్నగా ఉంటుంది కదా, వేడి పోవడానికి చోటు లేక క్షణాల్లో నీలం రంగు తిరుగుతుంది, ఆ నీలం వచ్చిందంటే 300 డిగ్రీల దగ్గరికి పోయినట్టు, అక్కడ కమ్మరి పెట్టిన పానం, అంటే ఇనుమును కాల్చి ముంచి తెచ్చిన గట్టిదనం, దెబ్బతింటుంది, తర్వాత ఎంత సాన పట్టినా ఆ ముక్క తొందరగా మొద్దుబారిపోతూనే ఉంటుంది. రెండోది, సుత్తి దెబ్బల గుర్తులన్నీ చెరిగిపోతాయి, మీ ఊరి మనిషి చేతిపని ఆ బ్లేడు మీద కనిపించేదే అక్కడ.

ముందు కిరోసిన్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఒక రాత్రి ఉంచండి, పొద్దున పాత టూత్ బ్రష్, సన్న స్టీల్ ఊల్ పెట్టి రుద్దండి. పొరలుగా లేచిన చోట గడ్డం గీసే బ్లేడును బాగా వాల్చి పట్టుకుని మెల్లగా గీకితే పెచ్చులు వాటంతట అవే వస్తాయి. ఎర్రగా పొడి రాలేది తీసెయ్యాలి, నల్లగా గట్టిగా అంటుకున్నది మాత్రం ఉండనివ్వాలి, అది ఇనుముకు కాపలా.

మిర్రర్‌ఫినిష్
గ్రైండర్ వద్దన్నది కరెక్టే కానీ నల్లగా వదిలెయ్యమనడం నాకు నచ్చలేదు సానరాయి గారూ. నేను మా నాన్న కత్తికి 120 సాండ్ పేపర్‌తో మొదలెట్టి 220, 400, 800, 1500, 2000 దాకా తడి పేపర్‌తో చేతితోనే పోయి ఆఖర్న గుడ్డకి పాలిషింగ్ పేస్ట్ రాసి రుద్దా, మొహం కనిపిస్తుంది ఇప్పుడు. అది అందం కోసమే కాదు, గీతలు ఎంత తక్కువుంటే తడి నిలవడానికి చోటు అంత తక్కువ, తుప్పు కూడా తక్కువ పడుతుంది. ఓపిక ఉంటే చెయ్యి బ్రో, ఓపికతో చేసిన పాలిష్‌కి వేడి సమస్య కూడా ఉండదు.

కొలిమికాడ
అన్నా మాది కమ్మరోళ్ల ఇల్లే, మా నాయిన ఇప్పటికి కొలిమి నడుపుతడు, నేను ఉద్యోగం చేస్తున్న గని చిన్నప్పుడు తిత్తి ఊదిన చెయ్యే. పాలిష్ సంగతి తర్వాత, ముందుగాల ఆ పిడి ఊడదీయి. పిడి ఉండంగ తుప్పు తీస్తె లోపటి తుప్పు లోపట్నే ఉంటది, బ్లేడు ఇరిగేది ఎప్పుడైన గక్కడ్నే.

పాత పిడిలల్ల లక్క పోసి బిగిస్తుండె, లక్కల మెత్తటి ఇటుక పొడి కలుపుతరు గట్టిగ పట్టనీకి. గుంజితె రాదు, సుత్తితోని కొట్టకు, కొమ్ము ముక్కలైతది. బ్లేడుకు తడిగుడ్డ చుట్టి పట్టుకొని పిడిని మరిగే నీళ్లల్ల కొంచెం సేపు ఉంచు, లక్క 80 డిగ్రీల కాడ్నే మెత్తబడ్తది. అప్పుడు గట్టి గుడ్డతోని పట్టి సీదా గుంజు, తిప్పకు. గడగడ కదులుతుందన్నవ్ కదా, సగం లక్క ఇప్పటికే పొడైపోయి ఉంటది, అల్కగ వస్తది. కొమ్ముల బాగున్న ముక్క ఉంటె పారెయ్యకు, దాసిపెట్టు.

పొలంగట్టు
వచ్చేసింది అన్నా! మీరు చెప్పినట్టే రెండు మూడు సార్లు వేడినీళ్లలో ముంచి గుంజితే మెత్తగా జారింది. లోపల నుంచి ఎర్రటి ఇటుక పొడి, ముదురు గోధుమ రంగు లక్క ముద్ద వచ్చింది, వేడికి లక్క వాసన ఇల్లంతా నిండింది. పిడిలోకి పోయే తోక నాలుగంగుళాలకు కొంచెం తక్కువ, చివర్న సన్నం. తుప్పు ఉంది కానీ తినెయ్యలేదు.

రెండు విచిత్రాలు కనిపించాయి, ఫోటోలు పెడుతున్నా. తోక చివర్న ఒక పక్క అర్ధచంద్రాకారంలో కోత ఉంది, పగిలింది కాదు, నున్నగా గుండ్రంగా ఉంది. రెండోది, పిడి మొదలుకు ఆనుకుని బ్లేడు మీద తుప్పు గీకితే మూడు చుక్కలు బయటపడ్డాయి, వరసగా, పొగరుతో (గుర్తులు కొట్టే మొనదేలిన ఉలితో) కొట్టినట్టు. ఇవేంటి?

ఆకురాయి
ఆ అర్ధచంద్రం చూడగానే విషయం తెలిసిపోయింది. అది లారీ కమాన్ (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు) పట్టీ. కమాను కట్టలో పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు ఉంటుంది కదా, దాని కోసం ప్రతి పట్టీకి మధ్యలో బెజ్జం వేస్తారు, కమ్మరి పట్టీని నరికినప్పుడు ఆ బెజ్జం సగం మీ తోకలో మిగిలిపోయింది. ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

నేను స్టీల్ ప్లాంట్‌లో హీట్ ట్రీట్‌మెంట్ వైపు పనిచేసి రిటైర్ అయ్యాను, అందుకని కొంచెం వివరంగా చెప్తాను, విసుక్కోకండి. మన దేశంలో కమాన్ పట్టీలు ఎక్కువగా సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగ్ ఉక్కుతో వస్తాయి, ఈఎన్ 45 అనో 65ఎస్‌ఐ7 అనో పిలుస్తారు. కార్బన్ అర శాతం నుంచి 0.7 దాకా, సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం. ఫారిన్ వాళ్ల కత్తుల్లో పేరున్న 1095 ఉక్కులో కార్బన్ 0.95 దగ్గర ఉంటుంది, అది ఎక్కువసేపు పదును నిలుపుకుంటుంది కానీ పెళుసు. మీది వంగి లేచే రకం, వెదురు మీద వేటు వేస్తే పెద్ద ముక్క విరగదు. ఆ నొక్కు కూడా ఎముక మీదో మేకు మీదో పడి ఉంటుంది.

పానం ఇంకా ఉందో లేదో చూడాలంటే కొత్త ఆకురాయి ఒకటి తీసుకుని పదును పక్కన చిన్నగా రాయండి. ఆకురాయి జారిపోతే గట్టిగా ఉన్నట్టు, కరకరా కోసేస్తుంటే మెత్తబడినట్టు. మొదలు దగ్గర, మధ్యలో, మొన దగ్గర మూడు చోట్లా చూడండి, ఎందుకంటే ఊరి కొలిమిలో బ్లేడు అంతా ఒకే వేడికి రాదు.

కొలిమికాడ
ఆ మూడు చుక్కలు కమ్మరి గుర్తు అన్నా. అందరు కొట్టరు గని కొందరు తమ పని గుర్తు పట్టనీకి పొగరుతోని ఒక గుర్తు ఏస్తరు. మా తాత ఒక అడ్డగీత, ఒక చుక్క ఏస్తుండె. మీ ఊర్ల ఎవలన్న పెద్దోళ్లుంటె అడుగు, ఏ కొలిమిదో చెప్తరు.

డాలస్_తెలుగోడు
జగిత్యాల వైపు అంటే ఒక డౌట్, ఆ చుట్టుపక్కలే కదా పూర్వం డమాస్కస్ కత్తులకి ఉక్కు పోయింది? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అని చదివాను. ఇది ఆ ఉక్కు అయ్యే ఛాన్స్ ఏమైనా ఉందా?

ఆకురాయి
కోనసముద్రం సంగతి నిజమే. మూసల్లో ఇనుము, కర్ర ముక్కలు పెట్టి మూసేసి కరిగించి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు, పర్షియా నుంచి వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. అందులో కార్బన్ ఒక శాతం పైనే, ఆసిడ్ పెడితే బ్లేడు మీద నీళ్ల అలల్లా గీతలు తేలతాయి. కానీ ఆ తయారీ 19వ శతాబ్దంలోనే తగ్గిపోయి ఆగిపోయింది, ఈ కత్తి లారీలొచ్చాక చేసింది, బోల్టు బెజ్జమే ఉంది కదా. అలా అని దీన్ని తక్కువ చూడక్కర్లేదు. చేతికి దొరికిన లారీ పట్టీని ఇన్నేళ్లు పనిచేసే కత్తిగా మార్చిన పనితనం చిన్నదేం కాదు.

మిర్రర్‌ఫినిష్
ఆ చుక్కలు చూశాక నేను నా మాట కొంచెం మార్చుకుంటున్నా. అద్దం పాలిష్ రావాలంటే తుప్పు గుంటల లోతు దాకా రెండు వైపులా ఇనుము తియ్యాలి, ఈ ఫోటోలో గుంటలు చూస్తే అర మిల్లీమీటర్ దాకా పోవాల్సి వస్తుంది, అప్పుడు ఆ చుక్కలు మిగలవు. పదును వాలు మాత్రం మెరిపించి పైభాగం అలాగే ఉంచితే ఎలా ఉంటుంది? నల్లటి ఒళ్లు, తెల్లటి అంచు, నాకైతే అది కూడా బాగుంటుందనిపిస్తుంది.

సానరాయి
అదే నేను చెప్పబోయేది. ఈ కత్తిలో మార్చాల్సింది చెడిపోయినంత మేరకే. పిడి చెడిపోయింది, మార్చుకోండి, మీ చేతికి తగ్గట్టు చేసుకోండి, అందులో తప్పేం లేదు, పిడులు మారుతూ ఉండటానికే ఉంటాయి. మీ తాత కూడా ఒకటో రెండో మార్చే ఉంటాడు. బ్లేడు మాత్రం మారదు, దాని మీద తీసిన ఇనుము మళ్లీ రాదు.

పొలంగట్టు
ఫిక్స్ అయిపోయా, ఒళ్లు నల్లగా, పదును తెల్లగా. ఆకురాయి గారు చెప్పిన టెస్టు చేశా, మొదట్లో, మధ్యలో ఆకురాయి జారుతుంది, మొన దగ్గర కొంచెం పట్టుకుంటుంది కానీ మరీ మెత్తగా లేదు. ఇప్పుడు డౌట్ ఏంటంటే తుప్పు తీసిన చోట బ్లేడు మచ్చలు మచ్చలుగా ఉంది, కొన్ని చోట్ల నలుపు కొన్ని చోట్ల బూడిద రంగు. యూట్యూబ్‌లో వెనిగర్‌లో ముంచు, కాఫీలో ముంచు అని చూపిస్తున్నారు. ఒకే నలుపు రావాలంటే ఏది మంచిది?

కరక్కాయ_రంగు
నేను ఈ గ్రూప్‌లో ఎక్కువ రాయను, కానీ ఇది మా పని కాబట్టి రాస్తున్నా. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పనే. మా గుడ్డ మీద నల్ల గీత ఎట్లా వస్తుందో తెలుసా? గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతాం. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి చాలా రోజులు పులియబెడితే కసిం అని ఒక నీరు తయారవుతుంది, కలంతో ఆ కసిం గీయగానే, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది, ఉతికినా పోదు. టీ నీళ్లతో కత్తి నల్లబడేది కూడా అదే వగరు వల్లే, కరక్కాయలో అది ఇంకా చాలా ఎక్కువ.

మీకు కసిం అక్కర్లేదు, ఇనుము మీ బ్లేడే కదా. పచారీ కొట్లో కరక్కాయలు తెచ్చుకోండి, పైన పెచ్చు దంచుకోండి, లోపలి గింజ పారెయ్యండి. రెండు గుప్పిళ్ల పెచ్చు లీటరు నీళ్లలో సగం అయ్యేదాకా కాచి వడకట్టండి, ఇనుప గిన్నెలో మాత్రం కాచొద్దు, స్టీలు గిన్నె వాడండి. బ్లేడును గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి ఆరాక చేత్తో ముట్టుకోకండి, వేలి ముద్ర పడిన చోట రంగు పట్టదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డతో పలచగా రాయండి, ఆరనివ్వండి, మళ్లీ రాయండి. ముందు ఊదా రంగు మీద వస్తుంది, రాసేకొద్దీ చిక్కటి నలుపు తిరుగుతుంది. ఎర్ర తుప్పు కొంచెం మిగిలి ఉన్నా పర్లేదు, అది కూడా నల్లబడిపోతుంది. చివర్లో మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాసెయ్యండి. ముందు తోక మీద చిన్న చోట రాసి చూసుకోండి అబ్బీ, నచ్చితేనే బ్లేడు మీదికి పోండి.

ఆకురాయి
అమ్మా చాలా బాగా చెప్పారు. పాత ఇనుప వస్తువులను కాపాడేవాళ్లు టానిక్ ఆసిడ్ రాసేది కూడా ఇందుకే, ఎర్ర తుప్పు కదలకుండా నల్లటి పొరగా మారుతుంది. ఒక్కటే కలుపుతాను, వెనిగర్‌లో రాత్రంతా ముంచే సలహాను మాత్రం పట్టించుకోవద్దు. ఆసిడ్ తుప్పుతో ఆగదు, మంచి ఇనుమును కూడా తింటుంది, ఉన్న గుంటలు ఇంకా లోతవుతాయి. మొండి పెచ్చు ఉన్న చోట మాత్రం వెనిగర్‌లో తడిపిన గుడ్డను గంట సేపు పెట్టి, వెంటనే వంట సోడా నీళ్లతో కడిగితే చాలు.

పొలంగట్టు
అక్కా మీకు దండం! ఫోటోలు చూడండి. మూడో పూతకే నల్లగా తిరిగింది, సుత్తి దెబ్బలు ఇప్పుడే కదా కనిపిస్తున్నాయి, వెలుగులో అటూ ఇటూ తిప్పితే గుంటగుంటగా భలే ఉంది. చుక్కల్లో రంగు ఇంకా చిక్కగా దిగింది.

ఇప్పుడు పిడి. ఏ కర్ర వాడితే బాగుంటుంది? రోజ్‌వుడ్ అనుకుంటున్నా.

చిట్టడవి
జింక కొమ్ము పెట్టు బ్రో, పట్టు బాగుంటుంది, లుక్ అదిరిపోద్ది. లేదంటే ఎర్రచందనం ముక్క ఎక్కడైనా దొరికితే చూడు.

మోడరేటర్
ఇలాంటి సలహాలు ఇక్కడ వద్దండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక కొమ్ము కొనడం అమ్మడం నేరం, రాలిపోయిన కొమ్ము అయినా సరే. ఎర్రచందనం కూడా అంతే, కాగితాలు లేని ముక్క చేతిలో ఉంటే కేసే, చిన్న ముక్కే కదా అని అనుకోవద్దు. గేదె కొమ్ము, మామూలు కర్ర, ఇత్తడి, ఇవి చాలు మంచి పిడికి.

కత్తి గురించి కూడా చాలామంది మెసేజ్‌లో అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్తున్నా. ఆయుధాల రూల్స్‌లో బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల మాట ఉంటుంది, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. ఏడంగుళాల పొలం కత్తి ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. అలా అని బ్యాగులో వేసుకుని బజార్లో తిరగొద్దు. విమానంలో అయితే చెక్ఇన్ లగేజీలోనే, గట్టిగా చుట్టి.

కొలిమికాడ
రోజ్‌వుడ్ మంచిదే గని మీ ఇంట్ల పాత ఎడ్లబండి చక్రం ఏమన్న ఉన్నదా అన్నా? చక్రం ఆకులు (నడుమ నుంచి అంచుకు పోయే కర్రలు) నల్లతుమ్మతోని చేస్తరు, చేవ కర్ర, ఏండ్లకేండ్లు ఎండలల్ల వానలల్ల ఉండి ఇగ వంగేది పగిలేది ఉండదు. గొడ్డలి కామలకు, నాగళ్లకు అదే వాడుతరు ఎందుకు, దెబ్బ ఓర్చుకుంటది. ఆకులు పక్కకు పడేసి ఉంటె ఒకటి తెచ్చుకో, పిడికి అంతకన్న గట్టిది దొరకదు. కొత్తగ కోసిన కర్ర మాత్రం వద్దు, ఆరేకొద్ది కుంచించుకపోయి పొన్ను (పిడి మొదట్ల ఏసే లోహపు కట్టు) వదులైతది.

పొలంగట్టు
ఉంది అన్నా! కొట్టంలో విరిగిన చక్రం ఒకటి ఉంది, తమ్ముడితో ఒక ఆకు తెప్పించా. పైన బూడిద రంగులో ఎందుకూ పనికిరానట్టు ఉంది, రంపంతో కోస్తే లోపల ముదురు ఎరుపు, గోధుమ కలిసిన రంగు, బరువుగా. రంపం పళ్లే వేడెక్కాయి.

నా ప్లాన్ చెప్తా, తప్పైతే చెప్పండి. బ్లేడు పక్కన ఇత్తడి పొన్ను, దాని తర్వాత పాత పిడిలో బాగున్న కొమ్ము ముక్క ఒక అంగుళం, ఆ తర్వాత నల్లతుమ్మ నాలుగంగుళాలు. అప్పుడు తాత పిడి ముక్క కూడా అందులోనే ఉంటుంది, నా నాలుగు వేళ్లూ పడతాయి.

సానరాయి
చాలా బాగుంది. చిటికెన వేలు దగ్గర కొంచెం లావుగా కిందికి దిగేలా మలచుకోండి, వేటు వేసేటప్పుడు చెయ్యి జారదు. పిడి అడ్డకోత గుండ్రంగా వద్దు, కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి, చీకట్లో పట్టుకున్నా పదును ఎటుందో చేతికి తెలుస్తుంది. కొమ్ము, కర్ర రుద్దేటప్పుడు మాస్కు తప్పకుండా పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పొలంగట్టు
తోకకు బెజ్జం ఎలా? అది గుండ్రంగా లేదు, చదరంగా ఉండి చివరికి సన్నబడుతుంది.

కొలిమికాడ
మా దిక్కు తోకను ఎర్రగ కాల్చి కర్రలకు దింపుతరు, అచ్చం దాని ఆకారమే బెజ్జం పడ్తది, సందు ఉండదు.

ఆకురాయి
కొలిమి దగ్గర అలవాటైన చెయ్యి అయితే సరే, తోక కాలుతుంటే బ్లేడు నీళ్లలో ఉండేలా చూసుకుంటారు. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద మాత్రం వద్దు, వేడి బ్లేడు మొదట్లోకి పాకితే అక్కడ పానం పోతుంది. దాని బదులు తోక కొలతకు ఒక మామూలు ఇనుప చువ్వను ఆకురాయితో అరగదీసి డమ్మీ చేసుకోండి, కర్రలో ముందు డ్రిల్లుతో వరసగా రెండు మూడు సన్న బెజ్జాలు వేసి, డమ్మీని కాల్చి దింపండి. అసలు కత్తికి వేడి తగలకుండానే సరైన ఆకారం వస్తుంది. లోపల మసి గీకెయ్యండి, మసి మీద ఏదీ అంటుకోదు.

మిర్రర్‌ఫినిష్
అంటించడానికి ఆరల్డైట్ వాడు బ్రో. 24 గంటలు పట్టే మామూలు రకం తీసుకో, ఐదు నిమిషాలది వద్దు, దానికి అంత బలం ఉండదు. తోకకు గరుకు సాండ్ పేపర్ కొట్టి, జిడ్డు తుడిచి అంటిస్తే జీవితాంతం కదలదు.

కరక్కాయ_రంగు
జీవితాంతం కదలకపోతేనే కదా ఇబ్బంది. రేపు ఈ కర్ర పగిలితే ఎట్లా తీస్తారు? పాత పిడి వేడి నీళ్లకే ఊడింది కాబట్టే లోపలున్న బోల్టు బెజ్జం చూడగలిగారు, తోక తుప్పు తీయగలిగారు. లక్కే పొయ్యండి.

డాలస్_తెలుగోడు
లక్కతో ఒక రిస్క్ ఉంది అక్కా, ఎండాకాలం కారులో పెట్టి తలుపులు మూసేస్తే లోపల చాలా వేడెక్కుతుంది, డ్యాష్‌బోర్డు మీద అయితే లక్క మెత్తబడినా ఆశ్చర్యం లేదు. నేను ఆరల్డైట్ పార్టీనే.

కొలిమికాడ
లక్క పోసి అడ్డంగ ఒక ఇత్తడి చీల ఎయ్యాలె. లక్క మెత్తబడినా చీల పట్టుకుంటది, చీల కొట్టి తీస్తె పిడి వస్తది. మీ తోకకు ఉన్న ఆ సగం బెజ్జం ఉంది కదా, చీల గందుల్నుంచె పోయేటట్టు సూడు, కొత్తగ ఉక్కుకు బెజ్జం కొట్టే పని కూడ ఉండదు.

పొలంగట్టు
అన్నా ఈ ఐడియాకి సలాం! అలాగే చేశా. నాలుగు మిల్లీమీటర్ల ఇత్తడి చువ్వ, పొన్నుకు ఇత్తడి పైపు ముక్క రాణిగంజ్‌లో దొరికాయి. లక్కలో జల్లించిన ఇటుక పొడి కలిపి కరిగించి పోసి, తోకను కొంచెం వేడినీళ్లలో వెచ్చబెట్టి దింపేశా, చల్లారాక చీల వేసి రెండు వైపులా సుత్తితో మెల్లగా తలలు కట్టా. చీల ఆ అర్ధచంద్రంలో కరెక్టుగా కూర్చుంది. కర్రకు అవిసె నూనె పలచగా మూడు పూతలు. పట్టుకుంటే గట్టిగా ఒకే ముక్కలా ఉంది.

ఆకురాయి
అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విప్పి పరిచి బయట ఆరబెట్టాకే పారెయ్యండి. ఇది చదివిన అందరూ గుర్తు పెట్టుకోండి.

పొలంగట్టు
బయట పరిచేశా సర్. ఇక మిగిలింది పదును. సానరాయి గారూ, మీకోసమే ఎదురు చూస్తున్నా.

సానరాయి
ముందు నొక్కు సంగతి. రెండు మిల్లీమీటర్లూ ఒకేసారి తీయాలనుకుంటే బ్లేడు వెడల్పు అంతా తగ్గిపోతుంది. ముతక కార్బొరండం రాయి మీద కత్తిని నిట్టనిలువుగా పట్టుకుని, పదును రాయికి ఆనేలా ముందుకూ వెనక్కూ రుద్దండి, పదును పోతుందే అని భయం వద్దు, ఎలాగూ కొత్తది పెట్టబోతున్నాం. నొక్కు సగం పైన పోయి పొడవాటి చిన్న పల్లంలా మిగిలితే ఆపెయ్యండి, మిగతాది రాబోయే రోజుల్లో సాన పట్టేకొద్దీ అదే పోతుంది.

ఇప్పుడు వాలు. కూరగాయలకు, మాంసానికి అయితే ఒక్కో వైపు 20 డిగ్రీలు, మీరు వెదురు కూడా కొడతామంటే 25 ఉంచండి, 20 అయితే వెదురు కణుపు దగ్గర మళ్లీ పెచ్చు ఎగురుతుంది. కోణం కుదురుతుందో లేదో తెలియాలంటే వాలు మీద నల్ల మార్కర్ పూసి రాయి మీద ఒక్కసారి లాగి చూడండి. ఇంకు పైన మాత్రమే చెరిగితే కత్తిని మరీ వాల్చినట్టు, అంచు దగ్గరే చెరిగితే మరీ ఎత్తినట్టు, మొత్తం చెరిగిందా, అదే మీ కోణం, చేతిని అక్కడే నిలపండి. ఒక వైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు అంచు మీద సన్నటి అరుకు, అంటే అటు మడిగిన ఇనుప రేకు లాంటిది, లేస్తుంది, బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జారిస్తే గోరుకు తగులుతుంది. అరుకు మొదలు నుంచి మొన దాకా లేచేవరకు రెండో వైపు తిప్పొద్దు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం ఇదే, అరుకు రాకముందే తిప్పేస్తారు.

ముతక రాయి తర్వాత 400, ఆ పైన 1000, అంతవరకు చాలు, పొలం కత్తికి 3000 అక్కర్లేదు, కొంచెం గరుకు ఉంటేనే తాడు, మాంసం బాగా కోస్తుంది. చివర్లో పాత తోలు బెల్టును చెక్కకు అంటించి, పచ్చ పాలిషింగ్ కడ్డీ రాసి, పదును వెనక్కి ఉండేలా లాగండి. ఎప్పుడూ వీపు ముందు పోవాలి, ఎదురు లాగితే తోలు కోసుకుపోతుంది. రాయి ఎప్పుడూ తడిగా ఉండాలి. కరక్కాయ నలుపు వాలు మీద పోతుంది, పోనివ్వండి, మీరు కోరుకున్న తెల్ల అంచు అదే.

పొలంగట్టు
పేపర్ సర్రున కోస్తుంది! పేపర్ మధ్యలో ఆ పల్లం దగ్గర కొంచెం పట్టుకుంటుంది కానీ అక్కడ కూడా కోస్తుంది. ఫైనల్ ఫోటోలు పెట్టా, నల్ల బ్లేడు, ఇత్తడి పొన్ను, నల్ల కొమ్ము, ముదురెరుపు కర్ర. మా నాయినకు వీడియో కాల్‌లో చూపిస్తే ముందు నమ్మలేదు, చుక్కలు చూపించాకే నమ్మాడు. ఆ గుర్తు పక్క ఊరి కొలిమిదంట, ఇప్పుడు అక్కడ ఎవరూ చెయ్యట్లేదంట.

ఆఖరి ప్రశ్న, ఒర. తోలు దొరికింది, షూ షాపు ఆయన కుట్టిస్తా అన్నాడు.

కొలిమికాడ
షూ తోలు వద్దన్నా! అది ఎక్కువ శాతం క్రోమ్ ఉప్పులతోని ఊనిన (శుద్ధి చేసిన) తోలు, అందుల మిగిలిన ఉప్పులకు తడి తగిలితె నెల తిరగకుండనె బ్లేడు మీద చుక్కలు పడ్తయి. తంగేడు చెక్కతోని, కరక్కాయతోని ఊనిన తోలు అడుగు, గోధుమ రంగుల ఉంటది, వంచితె గట్టిగ నిలబడ్తది. పదును దిక్కు లోపట ఒక చెక్క బద్ద పెట్టి కుట్టియ్యి, పదును దారాన్ని కొయ్యకుంట.

సానరాయి
తోలు ఏదైనా సరే, ఒరలో పెట్టి నెలల తరబడి మర్చిపోవద్దు, తోలు గాలిలో తేమ పీల్చుకుని బ్లేడుకు పెడుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడే ఒర, ఇంట్లో నూనె రాసి విడిగా ఉంచండి. వంటకు వాడితే కొబ్బరి నూనె, చాలాకాలం దాచాలంటే కుట్టు మిషన్ నూనె.

డాలస్_తెలుగోడు
ఈ థ్రెడ్ చూసి నేను కూడా మొదలెట్టేశా. ఇక్కడ పాత సామాన్ల సేల్‌లో ఓల్డ్ హికరీ కత్తి ఒకటి దొరికింది, ఆంటారియో నైఫ్ కంపెనీది, 1095 ఉక్కు, ఇత్తడి చీలలు, పిడి ఎండి బీటలు వారింది. పేరుకు కసాయి కత్తే కానీ వంటింట్లో వాడదామని. ఒకటే సమస్య, ఉల్లిపాయ కోస్తే ముక్కలు నల్లబడుతున్నాయి, ఇనుము వాసన వస్తుంది, ఇంట్లో ఒప్పుకోవట్లేదు.

సానరాయి
మెరిసేలా పాలిష్ చేసి ఉంటారు, పచ్చి ఇనుము ఉల్లితో కలిసి అలా అవుతుంది. నల్లపొర పట్టాక తగ్గిపోతుంది. కొన్నాళ్లు మాంసం, వంకాయలు కోసి ఎప్పటికప్పుడు కడిగి తుడుస్తూ ఉంటే అదే పడుతుంది, అంత ఓపిక లేకపోతే పైన అక్క చెప్పిన కరక్కాయ నీళ్లు రాసెయ్యండి, డాలస్ ఇండియన్ స్టోర్లలో కరక్కాయ పొడి దొరుకుతుంది కదా?

డాలస్_తెలుగోడు
దొరుకుతుందండి, హరీతకి అని ప్యాకెట్ ఉంటుంది. శనివారం తెచ్చి రాస్తా, ఫోటోలు ఇక్కడే పెడతా.

కరక్కాయ_రంగు
పొడి అయితే నీళ్లలో కాచాక గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, నలకలు బ్లేడు మీద ఆరితే అక్కడ మచ్చలు పడతాయి. పిడి ఇత్తడి చీలలకు తగలకుండా టేపు వేసుకోండి.